సంతకం తర్వాతే తెలిసేది

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్‌ల పట్టుదల గురించి చెప్పుకునే కథలకు కొదవ లేదు. 2016 జనవరిలో మిషిగన్ యూనివర్సిటీ కోచ్ జిమ్ హార్బా బంతిని కాలితో తన్నే ఒక కిక్కర్ కోసం అర్ధరాత్రి దాటిన నిమిషానికే వాళ్లింటికి చేరుకున్నాడు. కోచ్‌లు ఇళ్లకు వెళ్లొచ్చని నిబంధనలు ఒప్పుకునేది ఆ తేదీ నుంచే. ఆ రాత్రి ఆ ఇంట్లోనే పడుకున్నాడు కూడా. అప్పటికే పెన్ స్టేట్ యూనివర్సిటీకి మాటిచ్చిన ఆ కుర్రాడు చివరికి మిషిగన్‌లో చేరాడు. అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్‌ది ఇంకో తీరు. వసంతకాలంలో హెడ్ కోచ్‌లు హైస్కూళ్ల చుట్టూ తిరగకూడదని 2008లో నిబంధన వస్తే, ఆయన వెబ్‌క్యామ్ ముందు కూర్చుని కుర్రాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ నిబంధనకు జనం ఆయన పేరే పెట్టేశారు.

ఇలాంటివి చదివితే నాకూ ముచ్చటేస్తుంది. కష్టపడే మనిషిని చూస్తే ఎవరికి నచ్చదు? కాకపోతే ఈ కథలన్నీ ఒకేచోట ఆగిపోతాయన్నది నా అభ్యంతరం. కుర్రాడు సంతకం పెట్టాడు, కోచ్ గెలిచాడు, కథ కంచికి. వచ్చిన మనిషి మీద అదే శ్రద్ధ ఎన్నేళ్లు నిలిచింది, అతను బెంచి మీద కూర్చున్న రోజుల్లో ఎవరు పలకరించారు, వెళ్లిపోయాక కూడా ఆ సంబంధం మిగిలిందా అన్నవి ఎవరూ రాయరు. కోచ్ పట్టుదలను కొలవాల్సింది అక్కడేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం నాకు కలిగించింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ మాజీ కోచ్ బిల్ స్నైడర్.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రొఫెషనల్ లీగ్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది. ఏ జట్టు పేరు పిలిస్తే ఆటగాడు ఆ ఊరు వెళ్లాలి. కాలేజీలో మాత్రం పదిహేడేళ్ల కుర్రాడు తనకు నచ్చిన చోట చేరొచ్చు. అందుకే ప్రతి కోచ్ దగ్గరా రాష్ట్రాలు, ఊళ్లు పంచుకుని తిరిగే అసిస్టెంట్లు ఉంటారు. శుక్రవారం రాత్రి హైస్కూలు మ్యాచ్‌లు చూడటం, అక్కడి కోచ్‌తో స్నేహం చేయడం, కుర్రాడి మార్కులు కనుక్కోవడం, కొడుకును అంత దూరం పంపడానికి వాళ్లమ్మ దేనికి భయపడుతోందో తెలుసుకోవడం వాళ్ల పని. ఎప్పుడు ఫోన్ చేయొచ్చు, ఎప్పుడు ఇంటికి వెళ్లొచ్చు, ఎప్పుడు కన్నెత్తి చూడకూడదు అన్నదానికి పెద్ద క్యాలెండరే ఉంది. చివర్లో సంతకాల రోజు వస్తుంది. పేరున్న కుర్రాళ్లు టీవీ కెమెరాల ముందు టేబుల్ మీద నాలుగైదు టోపీలు వరసగా పెట్టుకుని, అందులో ఒకటి తీసి తలకు పెట్టుకుంటారు. ఆ గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొడతారు.

మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. నేను పదో తరగతి పరీక్షలు రాశానో లేదో, ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నాన్నను అన్నగారూ అనేవాడు, అమ్మ ఇచ్చిన కాఫీ మెచ్చుకునేవాడు. ఫీజులో రాయితీ దగ్గర మొదలై, ఆఖరికి హాస్టల్ ఖర్చు కూడా సగం తగ్గిస్తామనే దాకా వచ్చాడు. మార్కులు వచ్చిన రోజు మా చుట్టాలకన్నా ముందు స్వీట్ బాక్సుతో వచ్చింది ఆయనే. చేరిన రెండు నెలలకు హాస్టల్లో నాకు టైఫాయిడ్ వస్తే, ఎవరితో మాట్లాడాలో తెలియక నాన్న ఆయనకే ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే ఎవరైనా ఫలానా కోచ్ వెంటపడి మరీ కుర్రాణ్ణి తెచ్చుకున్నాడని గొప్పగా చెబితే, తర్వాత ఏమైందని అడగకుండా ఉండలేను.

స్నైడర్ పేరు నేను మొదట విన్నది కాన్సాస్‌లోని మాన్‌హాటన్‌లో, ఎమ్మెస్ చదవడానికి వెళ్లినప్పుడు. గడ్డి కొండల మధ్య చిన్న ఊరు. అక్కడ మనవాళ్లలో వ్యవసాయ శాస్త్రాల్లో పరిశోధనకు బాపట్ల, రాజేంద్రనగర్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కనిపించేవారు. శనివారం మ్యాచ్ ఉంటే ఊరంతా ఊదారంగే. కిరాణా కొట్లో బిల్లు వేసే పెద్దావిడ దగ్గర్నుంచి ల్యాబ్‌లో ప్రొఫెసరు దాకా అందరూ ‘కోచ్’ అంటే ఒక్క మనిషే. హైవేకి ఆయన పేరు, స్టేడియానికి ఆయన కుటుంబం పేరు. ఎందుకింత అని మొదట్లో అర్థం కాలేదు. పాత రికార్డు చూశాక అర్థమైంది.

1988 నవంబరులో స్నైడర్‌ను కోచ్‌గా తీసుకునేనాటికి కాన్సాస్ స్టేట్ గెలుపు ముఖం చూసి రెండేళ్లు దాటింది. వరసగా 27 ఆటల్లో 26 ఓటములు, ఒక డ్రా. పెద్ద జట్లలో 500 ఓటములు మొదట దాటిన జట్టు కూడా అదే. దేశంలో ఇంతకంటే అధ్వాన్నమైన జట్టు లేదని ఒక పేరున్న క్రీడా పత్రిక పెద్ద వ్యాసమే వేసింది. స్కాలర్‌షిప్ మీద ఉన్న ఆటగాళ్లు అనుమతించిన సంఖ్యకు చాలా తక్కువ. అసలు ఈ స్థాయి లీగ్‌లో మనం ఉండటం అవసరమా అన్న మాట కూడా నడుస్తోంది. స్నైడర్‌కి అప్పుడు 49 ఏళ్లు. అయోవా యూనివర్సిటీలో హెడ్ కోచ్ హేడెన్ ఫ్రై దగ్గర పదేళ్లు అఫెన్స్, అంటే బంతితో ముందుకెళ్లే విభాగం, చూసుకున్న మనిషి. హాయిగా అక్కడే ఉండొచ్చు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద మలుపుకు అవకాశం ఉన్నది ఇక్కడేనని ఆయన మొదటి ప్రెస్ మీట్‌లోనే అన్నాడు. అప్పుడు ఎంతమంది నమ్మారో ఊహించుకోవచ్చు.

అలాంటి చోటికి పిలిస్తే ఎవరొస్తారు? పేరున్న కుర్రాడు రాడు. పేరున్న అసిస్టెంట్ కోచ్ అంతకన్నా రాడు. స్నైడర్ ముందు స్టాఫ్ సంగతి చూశాడు, అదీ తాను ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూసిన మనుషుల్లోంచి. బాబ్ స్టూప్స్ అయోవాలో, వెనక వరసలో ఉండి ఎదుటి జట్టును ఆపే డిఫెన్సివ్ బ్యాక్‌గా ఆడిన కుర్రాడు. 1988లో కెంట్ స్టేట్‌లో అసిస్టెంటుగా ఉన్నాడు, వయసు 28. ఆ పేరు బయట ఎవరికీ పెద్దగా తెలియదు. ఆటగాడిగా ఉన్నప్పటి నుంచి అతన్ని చూస్తూ వచ్చిన స్నైడర్‌కి తెలుసు. మరుసటి ఏడాది స్టూప్స్ మాన్‌హాటన్‌లో ఉన్నాడు. ఆ తర్వాత మార్క్ మాంజినో వచ్చాడు, ముప్పై దాటిన వయసులో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా. కోచింగ్‌లో అది అన్నిటికన్నా కింది మెట్టు. కుర్రాళ్లు చేసే పని, కుర్రాళ్లకిచ్చే జీతం. ఆ వయసులో ఆ మెట్టు మీద నిలబడటానికి సిద్ధపడ్డ మనిషిలో ఏముందో స్నైడర్ చూడగలిగాడు. అదే మాంజినో తర్వాత పక్కనున్న యూనివర్సిటీ ఆఫ్ కాన్సాస్‌కి హెడ్ కోచ్ అయ్యాడు.

ఆటగాళ్ల విషయంలో స్నైడర్ పట్టుకున్న దారి ఇంకా బాగుంటుంది. కాన్సాస్ నిండా రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలున్నాయి: గార్డెన్ సిటీ, డాడ్జ్ సిటీ, హచిన్‌సన్, కాఫీవిల్, ఇండిపెండెన్స్. హైస్కూల్లో మార్కులు చాలనివాళ్లు, బరువు తక్కువని ఎవరూ పిలవనివాళ్లు, ఒకచోట చేరి చెడిపోయి వచ్చినవాళ్లు, అందరూ అక్కడ కనిపిస్తారు. పెద్ద జట్ల కోచ్‌లు వాళ్లను అత్యవసరానికి వాడుకునే సరుకులా చూసేవారు. స్నైడర్ అక్కడ జట్టు కట్టాడు. రెండేళ్లే ఆడతాడని తెలిసినా, ఆ రెండేళ్ల కోసం నాలుగు గంటల పైచిలుకు డ్రైవ్ చేసి వెళ్లి కూర్చోవాలి. వచ్చే ఏడాది మళ్లీ కొత్తవాళ్ల కోసం అదే దారి పట్టాలి.

బ్రెంట్ వెనబుల్స్ అలా వచ్చినవాడే. కాన్సాస్‌లోని సలైనా ఊరివాడు. గార్డెన్ సిటీలో రెండేళ్లు ఆడి, 1991లో మాన్‌హాటన్ వచ్చి డిఫెన్స్ మధ్యలో ఆడే లైన్‌బ్యాకర్‌గా రెండు సీజన్లు ఆడాడు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. స్నైడర్ అతన్ని వదల్లేదు, స్టాఫ్‌లోకి తీసుకున్నాడు. తర్వాత వెనబుల్స్ ఓక్లహోమాలో, క్లెమ్సన్‌లో డిఫెన్స్ నడిపి, ఇప్పుడు ఓక్లహోమా హెడ్ కోచ్. ఏ పెద్ద జట్టూ పట్టించుకోని ఒక లైన్‌బ్యాకర్‌ని వెతికి తెచ్చుకోవడం ఒక ఎత్తు. ఆట ముగిశాక ఆ కుర్రాడిలో కోచ్ ఉన్నాడని గుర్తించి అట్టే పెట్టుకోవడం మరో ఎత్తు. నా దృష్టిలో రెండోదే కష్టం.

మైకేల్ బిషప్ కథ ఫుట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. టెక్సస్‌లోని బ్లిన్ అనే రెండేళ్ల కాలేజీలో, జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా రెండేళ్లలో ఒక్క ఆటా ఓడలేదు, రెండు జాతీయ టైటిళ్లు గెలిచాడు. 1998లో కాన్సాస్ స్టేట్‌ని 11-0 (11 గెలుపులు, ఓటమి లేదు) దాకా లాక్కెళ్లాడు, ఏటా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. ఆ ఏడాదే నెబ్రాస్కాను 30 ఏళ్ల తర్వాత మొదటిసారి ఓడించారు.

స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుతో వచ్చి జట్టులో చోటు కోసం ప్రయత్నించేవాళ్లను వాకాన్‌లు అంటారు. చాలా జట్లలో వాళ్లు ప్రాక్టీసులో దెబ్బలు తినడానికే పనికొస్తారు. మాన్‌హాటన్‌కి దగ్గర్లోనే రైలీ అనే పల్లె ఉంది. అక్కడి రైతు కుటుంబం నుంచి జోర్డీ నెల్సన్ అలాగే వాకాన్‌గా వచ్చాడు, డిఫెన్స్‌లో మొదలై తర్వాత, విసిరిన బంతిని అందుకునే రిసీవర్‌గా మారాడు. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుతో ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన నెల్సన్ అతనే. పక్క ఊళ్లో పెరిగిన కుర్రాణ్ణి పెద్ద జట్లన్నీ స్కాలర్‌షిప్ ఇవ్వకుండా వదిలేశాయి, కాన్సాస్ స్టేట్‌తో సహా. కానీ లోపలికి వచ్చాక అతన్ని వాకాన్ అని పక్కన పెట్టలేదు. ఎవరు ఎలా వచ్చారన్నది గేటు దాకానే. లోపల అందరికీ ఒకటే కొలత.

ఇక ఉత్తరాలు. స్నైడర్ ఊదారంగు పెన్నుతో, చేతిరాతతో ఉత్తరాలు రాస్తాడు. తన ఆటగాళ్లకు, వాళ్ల కుటుంబాలకు, అభిమానులకు రాశాడు. ఎదుటి జట్టులో గాయపడ్డ కుర్రాళ్లకు రాశాడు. తనను ఓడించిన జట్ల ఆటగాళ్లకు కూడా బాగా ఆడావని రాశాడు. నేను అద్దెకున్న ఇంటి ఓనరు హాల్లో అలాంటిది ఒకటి ఫ్రేమ్ కట్టించి ఉండేది. ఆయన కొడుకు స్కాలర్‌షిప్ ఆటగాడూ కాదు, పేరున్నవాడూ కాదు. వేసవి క్యాంపుకు వెళ్లి మోకాలు దెబ్బ తగిలించుకుని వచ్చిన స్కూలు పిల్లాడు. ఉత్తరంలో ఉన్నది మూడు నాలుగు వాక్యాలే. అక్షరాలు కొంచెం కుడివైపుకు వాలి, పంక్తి చివరికి వచ్చేసరికి ఇరుకయ్యాయి. ఒకచోట పదం కొట్టేసి పైన మళ్లీ రాశాడు. టైపిస్టుకు చెప్పి చేయించిన పని కాదని ఆ కొట్టివేత చూస్తే తెలిసిపోతుంది. ఆ పిల్లాడు ఏ కాలేజీకీ ఆడలేదు. అయినా ఓనరు గారు ఆ ఫ్రేమ్ ముందు నిలబడి మాట్లాడుతుంటే, ఈ మనిషి కోసం ఆయన తన ఊరి కుర్రాళ్లలో ఎవరినైనా పంపుతాడని నాకనిపించింది. రిక్రూటింగ్ అంటే ఇది కాక మరేమిటి? ఫలితం ఆశించకుండా రాసిన ఉత్తరం పదేళ్ల తర్వాత ఎవరి ఇంట్లో తలుపు తెరుస్తుందో ఎవరికి తెలుసు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 1998 చివర్లో వచ్చింది. 11-0తో ఉన్న జట్టు తానున్న కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్) ఫైనల్లో టెక్సస్ ఏ అండ్ ఎం చేతిలో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 36-33తో ఓడింది. జాతీయ టైటిల్ ఆట చేతిదాకా వచ్చి జారిపోయింది. ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ. అప్పటికి మాన్‌హాటన్ నుంచి ఫ్లోరిడాకు వెళ్లి పేరు తెచ్చుకున్న బాబ్ స్టూప్స్ ఓక్లహోమా హెడ్ కోచ్ అయ్యాడు. వస్తూ వస్తూ మాన్‌హాటన్ నుంచి తమ్ముడు మైక్ స్టూప్స్‌ని, మాంజినోని, వెనబుల్స్‌ని తీసుకుపోయాడు. తాను తయారుచేసిన శిష్యుడే తన స్టాఫ్‌ని ఖాళీ చేస్తే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. 2000లో అదే ఓక్లహోమా కాన్సాస్ స్టేట్‌ని ఒకే సీజన్లో రెండుసార్లు ఓడించి జాతీయ చాంపియన్ అయింది.

స్నైడర్ మళ్లీ మొదటి నుంచి మనుషుల్ని వెతుక్కున్నాడు. డిఫెన్స్‌కి ఫిల్ బెనెట్‌ని తెచ్చాడు, ఆయన వెళ్లాక అయోవా నుంచి బ్రెట్ బీలెమాని తెచ్చాడు. ఈ బీలెమా కూడా తర్వాత విస్కాన్సిన్ హెడ్ కోచ్ అయ్యాడు. స్టాఫ్ ఖాళీ అయిన మరుసటి ఏడాది జట్టు 11-1. ఆ తర్వాతి ఏడాది 11-3. 2003 డిసెంబరు 6న కాన్సాస్ సిటీలోని ఆరోహెడ్ స్టేడియంలో కాన్ఫరెన్స్ ఫైనల్. ఎదురుగా 12-0తో, దేశంలో నంబర్ వన్‌గా ఉన్న ఓక్లహోమా. మొదటి టచ్‌డౌన్ ఓక్లహోమాదే. ఆ తర్వాత 35 పాయింట్లూ కాన్సాస్ స్టేట్‌వే. పక్కనే ఒలేతాలో పెరిగిన, 5 అడుగుల 6 అంగుళాల డారెన్ స్ప్రోల్స్ బంతి పట్టుకుని 235 గజాలు పరుగెత్తాడు. 35-7. 1934 తర్వాత ఆ యూనివర్సిటీకి మొదటి కాన్ఫరెన్స్ టైటిల్ అది. పోయినవాళ్ల మీద కోపంతో కూర్చునే మనిషి అయితే ఆ రాత్రి వచ్చేది కాదు.

ఇంత మెచ్చుకున్నాక రెండో వైపు చెప్పకపోతే తప్పు. స్నైడర్ దగ్గర పని అంటే గడియారం ఉండదు. ఆయన రోజుకు ఒక పూటే తింటాడని, అదీ రాత్రి పొద్దుపోయాకేనని అందరికీ తెలుసు. స్టాఫ్ కూడా అదే వేళల్లో ఆఫీసులో ఉండాలి. వాళ్ల ఇళ్లలో పిల్లలు నాన్నను ఎప్పుడు చూసేవారో! ఇదే స్టూప్స్ ఓక్లహోమాలో తన అసిస్టెంట్లకు పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే వీలిచ్చాడు, అయినా గెలిచాడు. శ్రద్ధ చూపడానికి మనిషిని అరగదీయనక్కర్లేదని గురువుకు శిష్యుడే చూపించాడు.

అంతకన్నా బాధ కలిగించేది 2017లో జరిగింది. ఒక యువ రిసీవర్ వేరే కాలేజీకి వెళ్లిపోతానన్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం పాత కాలేజీ ఒప్పుకుంటేనే కొత్తచోట వెంటనే స్కాలర్‌షిప్ దొరుకుతుంది. తాను అడిగిన 35 కాలేజీల్లో ఒక్కదానికీ ఒప్పుకోలేదని ఆ కుర్రాడు బయటపెట్టాడు. స్నైడర్ తనను సమర్థించుకోబోయి ఆ కుర్రాడి సొంత విషయాలు నలుగురి ముందు మాట్లాడేశాడు. దేశమంతా తప్పుపట్టింది. ఆ తర్వాత క్షమాపణ చెప్పాడు, కుర్రాణ్ణి వదిలారు. ఆ వార్తలు చదువుతుంటే నాకు ఓనరు గారి హాల్లోని ఫ్రేమే కళ్లముందు మెదిలింది. అదే చెయ్యి కదా ఇదీ చేసింది అనిపించింది. క్షమాపణ చెప్పాడు కదా అని దాన్ని చిన్నది చేయను. మనిషిని రప్పించే పట్టుదల, పోనివ్వని పట్టుదలగా మారితే అది పెత్తనమే అవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి చదువు, భవిష్యత్తు ఒక కోచ్ సంతకం కింద ఇరుక్కోవడం అన్యాయం. ఆ నిబంధన పోయినందుకు నేను సంతోషిస్తాను.

పోయింది కూడా. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. పాత కాలేజీ అనుమతి లేకుండానే ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుని వేరేచోట చూసుకోవచ్చు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరును ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దీంతో పాత పద్ధతులు చచ్చిపోయాయని, ఇప్పుడు అంతా డబ్బేనని మా ఫ్రెండ్స్ చాలామంది అంటారు. ఆటలు చూడటమే మానేశామనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, కానీ వాళ్ల లెక్కతో నేను ఏకీభవించను. డబ్బు ఒక్కటే అయితే, ఎక్కువ ఇచ్చేవాడు రేపు ఇంకొకడు వస్తాడు. ఇప్పుడు కోచ్ తన సొంత జట్టునే ప్రతి ఏడాదీ మళ్లీ ఒప్పించుకోవాలి. పోర్టల్ తెరుచుకున్న వారంలో ఇరవై ఏళ్ల కుర్రాడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే, వాడు ఉండాలా వెళ్లాలా అని తేల్చేది అంతకు ముందు పది నెలలు వాడితో ఎవరెలా ఉన్నారన్నదే. వాణ్ణి ఆపడానికి కోచ్ చేతిలో ఏ నిబంధనా లేదు. ఇంతకుముందు అందంగా దాచుకునే వీలున్న నిర్లక్ష్యం ఇప్పుడు ప్రతి ఏడాదీ బయటపడుతుంది.

స్టాఫ్ విషయంలోనూ అంతే. 2025 డిసెంబరులో కాన్సాస్ స్టేట్ కాలిన్ క్లైన్‌ని హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది. కొలరాడోలోని లవ్‌లాండ్ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ అతను. నిజానికి అతన్ని తెచ్చింది ముందున్న కోచ్. 2009లో స్నైడర్ రిటైర్మెంట్ నుంచి తిరిగి వచ్చి, మొదట క్లైన్‌ని ఒక ఏడాది రిసీవర్‌గా ఆడించాడు. వేరే కుర్రాడైతే అలిగి వెళ్లిపోయేవాడేమో. 2012కల్లా అతను హైస్మన్ ఓటింగ్‌లో మూడో స్థానం దాకా వెళ్లాడు, జట్టు కాన్ఫరెన్స్ టైటిల్ పంచుకుంది. ఆట అయ్యాక క్లైన్ నార్తర్న్ అయోవాలో కోచింగ్ చేస్తుంటే 2017లో మళ్లీ మాన్‌హాటన్‌కి పిలిపించుకుంది స్నైడరే. క్లైన్ ఆ తర్వాత టెక్సస్ ఏ అండ్ ఎంలో మంచి ఉద్యోగం చేస్తూ, ఇటు పిలుపు రాగానే తిరిగొచ్చాడు.

నా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో కొత్త కోచ్ పోర్టల్ నుంచి ఎవరెవరిని పట్టుకొచ్చాడని జాబితాలు తిరుగుతుంటాయి. ఎవరికి ఎన్ని స్టార్ల రేటింగు, ఎవరు ఎక్కడి నుంచి, ఒకటే హడావిడి. నేను వేరే జాబితా రాసుకుంటున్నాను. మొదటి సీజన్లో ఒక్క ఆటా ఆడకుండా బెంచి మీదే కూర్చోబోయే కుర్రాళ్ల పేర్లు అవి. వచ్చే జనవరికి వాళ్లలో ఎంతమంది మాన్‌హాటన్‌లో ఉంటారో చూసి, అప్పుడు క్లైన్ గురించి రాస్తాను.